నర్సింగు విద్యార్థిని – ఇంటి గడియారము

ఆనేకల్ ప్రాంతమున పి.యు.సి. ముగించిన పిల్లను ఏ చదువునకు పంపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు నర్సింగు మాట ఇప్పుడు తరచుగా వినబడుచున్నది. కారణములు దూరమున వెదకనక్కరలేదు. 2000వ సంవత్సర ప్రాంతమున మన తాలూకాలోని బొమ్మసంద్రమున నారాయణ హృదయాలయము వెలసినది మొదలు హోసూరు దారి పొడవునను ఆసుపత్రులు పెరిగినవి. వానితో పాటు నర్సింగు కళాశాలలును పెరిగినవి. ఫీజు ఎంత, హాస్టలు కలదా, చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగము దొరకునా, విదేశములకు పోవచ్చునా – ఇవి తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్నలు. అన్నియు అడుగదగినవే. కాని ఆ పిల్ల దినమున ఎన్ని గంటలు ఎవరి వశమున నుండునో అడుగువారు అరుదు. మేము చూచినంతలో మొదటి సంవత్సరమున తడబడిన పిల్లలలో పెక్కుమంది తెలివి చాలక తడబడినవారు కారు. వేళ చాలక తడబడినవారు. ఆమె వేళలో కొంత కళాశాల తీసికొనును, కొంత రోగి తీసికొనును, మిగిలినదానిని తెలియకయే ఇల్లు తీసికొనును. ఈ మూడవ భాగమును గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. మొదటి రెండును తెలిసినగాని అది బోధపడదు గనుక వానితో ప్రారంభింతుము.

భారత నర్సింగు మండలి 2021లో ప్రకటించిన నిబంధనల ప్రకారము బి.ఎస్సి. నర్సింగు చదువు నాలుగేండ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఒక్కొక్క సెమిస్టరునకు 20 వారములు, వారమునకు 40 గంటలు. చివరి సెమిస్టరున 22 వారముల ఇంటర్న్‌షిప్పు. అప్పుడు వారమునకు 48 గంటలు. పాఠములకు నూటికి 80 వంతుల హాజరున్న చాలును. కాని వార్డు శిక్షణకును, ప్రయోగములకును పట్టము చేతికి వచ్చులోపల నూటికి నూరు వంతుల హాజరు పూర్తి కావలసినదే. ఇది మన ఇండ్లలో చాలమందికి తెలియని సంగతి. మేనమామ కుమార్తె పెండ్లికని వార్డు డ్యూటీలో రెండు దినములు మానినచో ఆ రెండు దినములును మాఫీ కావు. అవి అప్పుగా నిలిచి, తోడి విద్యార్థినులు సెలవులకు ఇంటికి పోయిన వేళ తీర్చుకొనవలసి వచ్చును.

ఇక వారమునకు గల గంటలు 168. కళాశాలకు 40, దినమునకు ఎనిమిది గంటల చొప్పున నిద్రకు 56 పోగా 72 మిగులును. స్నానము, భోజనము, తెల్లని యూనిఫారము ఉదుకుట, ఇస్త్రీ వగైరాలకు దినమునకు మూడు గంటల చొప్పున 21 తీసివేయుడు, 51. హాస్టలులో నుండక ఇంటినుండి పోయివచ్చు పిల్లయైనచో ప్రయాణమును లెక్కింపవలెను. 2025 ఆగస్టు నుండి బొమ్మసంద్రము వరకు మెట్రో రైలు వచ్చినమాట నిజమే. కాని ఆనేకల్ నుండి చందాపురము దాటి అచ్చటికి చేరుటకు బస్సే శరణ్యము. పోను రాను దినమునకు మూడు గంటలనుకొన్నను అయిదు దినములకు 15. చివరకు మిగిలినవి 36 గంటలు.

దినమునకు అయిదు గంటలు! ఇంత వ్యవధి యుండగా కాలము చాలదనుట ఏమని తండ్రి యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ అయిదు గంటలు ఒక్కచోట నుండవు. బస్సుకు కాచుకొన్న ఇరువది నిమిషములు, వార్డునుండి వచ్చి తరగతికి పోవులోపల అరగంట, రాత్రి భోజనమునకు ముందు ముప్పాతిక గంట – ఇట్లు తునుకలు తునుకలుగా నుండును. చీరకు చాలినంత పట్టునూలు ఉన్నను, అది మూరకొక ముడిగా దొరికినచో మగ్గముమీద దానిని ఏమి నేయగలము? మన ఊరి మగ్గాలవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ భాగము రోగిది. దీనిని తెలిసికొనుటకు మన సీమలో పట్టుపురుగులను పెంచువారి యిండ్లను తలచుకొన్న చాలును. గుడ్డు పగిలినది మొదలు గూడు కట్టువరకు సుమారు 25 దినములు. నడుమ నాలుగు జ్వరములు. పురుగు జ్వరమున నున్నప్పుడు ఆకు వేయరాదు. లేచినప్పుడు ఆలస్యము చేయరాదు. కడపటి దశలో తినునదే మొత్తము ఆకులో నూటికి 80 వంతులకు మించును. ఆ వారము దినములు ఇంటిల్లిపాది నిద్ర పురుగుల ఆకలిని బట్టి నడచును గాని గడియారమును బట్టి కాదు. పురుగు చంద్రిక కెక్కు వేళకు చంద్రికలు సిద్ధముగా నుండవలెను. నర్సు పనియు ఇట్టిదే. అచ్చట వేళను నిర్ణయించునది చేయువారి సౌకర్యము కాదు, ఎదుటి ప్రాణి యవసరము.

ఒక ఉదాహరణము. మధుమేహ రోగికి భోజనమునకు సుమారు అరగంట ముందు ఇయ్యవలసిన ఇన్సులిన్ రకమొకటి కలదు. సూది వేళకే వేసిరి, అన్నము మాత్రము గంట ఆలస్యమైనది. రక్తములోని చక్కెర పడిపోయి రోగికి చెమటలు పట్టును, తెలివి తప్పినను తప్పవచ్చును. కావున విద్యార్థిని చూడవలసినది గోడ గడియారము ఒక్కటే కాదు, వంటశాలనుండి అన్నపు బండి బయలుదేరినదా లేదా యనునదియు. మరియొకటి. 500 మిల్లీలీటర్ల సెలైను 8 గంటలలో ఎక్కింపవలెనని వైద్యుడు వ్రాసెననుకొందము. గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు విడుచునదైనచో మొత్తము 10,000 చుక్కలు. 8 గంటలనగా 480 నిమిషములు. నిమిషమునకు సుమారు 21 చుక్కలు. ఈ భాగాహారము మా పాఠశాలలో అయిదవ తరగతి పిల్లయు చేయగలదు. కాని గడియారము ముందు నిలువబడి, ప్రక్క మంచముమీది రోగి పిలుచుచుండగా, చుక్కలు లెక్కించి చక్రము సరిచేయుట వేరు విద్య. మంచము పట్టిన రోగిని రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పకున్నచో, ఒత్తిడి పడిన చోట రక్తప్రసారము తగ్గి పుండు పడును. ఎనిమిది గంటల డ్యూటీలో అది నాలుగుమారులు. అట్టివారు వార్డున నలుగురున్నచో పదునారుమారులు. ఇవి యన్నియు మందుల వేళలతోను, భోజనములతోను, వైద్యుల రాకతోను పెనవేసికొని యుండును.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. కాలమును చక్కగా వాడుకొనుట యనగా వేగముగా చేయుటయని పెక్కురు తలచుచున్నారు. అమెరికా దేశమున ప్రభుత్వ ఆరోగ్య బీమాను నిర్వహించు సంస్థ ఒకప్పుడు ప్రతి మందును నిర్ణీత వేళకు అరగంట ఇటునటు లోపలనే ఇచ్చితీరవలెనని నియమించెను. 2010లో మందుల భద్రతను విచారించు సంఘమొకటి వేలకొలది నర్సులను ప్రశ్నింపగా, ఆ గడువు నందుకొనుటకై తాము త్రొందరపడి అడ్డదారులు త్రొక్కవలసి వచ్చుచున్నదని పెక్కుమంది చెప్పిరి. 2011 నవంబరులో ఆ నియమమును సవరించి, వేళ తప్పరాని మందులేవో, వెసులుబాటు గలవి ఏవో ఆయా ఆసుపత్రులే వేరుపరచుకొనునట్లు చేసిరి. ఏది ఆగగలదు, ఏది ఆగజాలదు అని వేరుచేయుటయే ఈ విద్యకు ప్రాణము. కొన్నిచోట్ల కాలమును మిగుల్చుకొనుటయే తప్పు. సబ్బుతో చేతులు కడుగుకొనుటకు 40 మొదలు 60 సెకనులు పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. దానిని పది సెకనులలో ముగించినది చురుకైన నర్సు కాదు.

ఫ్లోరెన్సు నైటింగేలు దొరసానిని గూర్చి మన పిల్లలకు తెలిసినది దీపము ఒక్కటే. 1854లో క్రిమియా యుద్ధమునకై టర్కీలోని స్కూటరీ ఆసుపత్రికి పోయిన ఆమె, 1859లో రోగి శుశ్రూషను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. మరుసటి ఏడు లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల పాఠశాల వెలసెను. ఆ పుస్తకములో చిన్న చిన్న ఏర్పాట్లను గూర్చి యొక అధ్యాయమే కలదు. నీవు దగ్గర నుండి చేయు పని, నీవు లేనప్పుడును జరుగునట్లు ఏర్పరచుటయే నిర్వహణమని దాని సారాంశము. డ్యూటీ మారునప్పుడు ఒక నర్సు మరియొక నర్సునకు రోగుల నప్పగించుట ఈ సూత్రముపైననే ఆధారపడినది. ఏ మందు ఇచ్చితిమి, ఏది మిగిలినది, ఎవరికి ఎప్పుడు ప్రక్క త్రిప్పితిమి యనునది వ్రాసి, నోటితో చెప్పి, మంచము కడ నిలిచి చూపి పోవలెను. అప్పగింతకు పదినిమిషములు ఆలస్యముగా వచ్చిన విద్యార్థిని పోగొట్టుకొన్నది తన పదినిమిషములను కాదు. వచ్చునట్టి ఎనిమిది గంటలలో ఒక రోగికి కావలసిన ఒక మాటను. బస్సు తప్పిపోయినదను సమాధానము తరగతికి చెల్లవచ్చును, వార్డునకు చెల్లదు. అందుచేతనే ఇంటనుండి ఒక బస్సు ముందుగా బయలుదేరుట ఈ చదువున అలవాటు కావలెను.

ఇప్పుడు ఇంటిమాట. 1990లో అమెరికాలో మాకన్ అను పరిశోధకురాలు, ఆమె సహచరులు కళాశాల విద్యార్థుల కాలవినియోగమును పరీక్షించిరి. పట్టికలు వ్రాసికొనుట మొదలైన అలవాట్లకంటె, తమ కాలము తమ చేతిలో నున్నదను నమ్మకము గలవారికే మనస్సున ఒత్తిడి తక్కువగాను, చదువుపట్ల తృప్తి ఎక్కువగాను ఉండినట్లు వారికి కనబడినది. ఆ నమ్మకమును కళాశాల ఇయ్యజాలదు. దాని గంటలు నిబంధనలవి. రోగి ఇయ్యజాలడు. ఇయ్యగలది ఇల్లొక్కటే. మరి మన యిండ్లలో జరుగుచున్నదేమి? సాయంకాలము ఆరున్నరకు వచ్చిన పిల్ల సంచి దించకమునుపే నీళ్లు పట్టుటకో, తమ్ముని లెక్కలు చూచుటకో, వచ్చిన చుట్టములకు కాఫీ కలుపుటకో పిలువబడును. ఒక్కొక్కటి పది నిమిషముల పనియే. ఎవరును ఆమెను బాధింప దలచినవారు కారు. కాని ముందుగా చెప్పక వచ్చు పది నిమిషముల పని, దానికి ముందున్న అరగంటను గూడ తినివేయును. ఎప్పుడు పిలుపు వచ్చునో తెలియని పిల్ల పుస్తకములో మునుగలేదు. పని చెప్పవద్దని మేము చెప్పుట లేదు. ఇంటి పని తెలియని నర్సు మంచి నర్సు కాలేదు. ఆ పని ఏ వేళకో ముందుగా నిర్ణయించి చెప్పుడనుటయే మా మనవి. మరియొక మాట గూడ చెప్పక తప్పదు. ఇప్పుడు మగపిల్లలును ఈ చదువునకు పోవుచున్నారు. అదే కళాశాల, అదే వార్డు, అవే 40 గంటలు. ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము కొడుకు అలసినవాడు, కూతురు ఖాళీగా నున్నది! ఈ లెక్క ఏ పాఠశాలలోను మేము నేర్పలేదు.

భాషా అల్పసంఖ్యాకులమైన మనకు ఈ విషయమున తలచుకొనదగిన పెద్ద ఒకరు కలరు. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చదువు స్వాతంత్ర్యోద్యమమువలనను, చెరసాలవలనను తెగి తెగి సాగినది. చెరనుండి వెలువడిన పిమ్మట బనారసు మెట్రిక్యులేషను, ఆపైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టము, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము ఆమె సంపాదించిరి. 1937లో మద్రాసు తెలుగువారి నడుమ ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను మెట్రిక్యులేషనునకు తయారుచేసెను. తరువాత అచ్చట నర్సింగు హోమును వెలసినది. ఆమె అధ్యక్షతనున్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో ఈ మార్గమునే దేశమంతట సంక్షిప్త విద్యాక్రమము అను పేర ప్రవేశపెట్టినది. పాఠశాల చదువు ఆగిపోయిన స్త్రీ సుమారు రెండేండ్లలో మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండునట్లు దానిని కూర్చిరి. నర్సు శిక్షణకు కనీసపు చదువు లేక ఆగిపోయిన స్త్రీలకు అది ద్వారము తెరచినది. ఆ స్త్రీలకు దినమునకు ఇరువదియారు గంటలు దొరకలేదు. చదువుకొను వేళ చదువునకే యని ఒకరు హద్దు గీచి కాపాడిరి, అంతే.

హద్దు దొరికిన పిమ్మట దానిని వాడుకొను తీరు విద్యార్థినిది. ఇచ్చట మన పిల్లలు చేయు పొరపాటు రెండు విధములు. ఒకటి, పనికి పట్టు కాలమును తక్కువగా ఊహించుట. ఇది మన పిల్లల దోషమే కాదు. 1994లో కెనడాలో కొందరు పరిశోధకులు, సిద్ధాంత వ్యాసము వ్రాయుచున్న విద్యార్థులను ఎప్పటికి ముగింతురని అడుగగా వారు సగటున 34 దినములనిరి. నిజముగా పట్టినవి 55 దినములకు పైన. చెప్పిన గడువులోపల ముగించినవారు మూడవ వంతునకంటె తక్కువ. రోగి సంరక్షణ ప్రణాళిక, కేసు వివరణ, మందుల పుస్తకము – వీనిలో దేనికైనను రెండు గంటలు పట్టునని తోచినచో మూడు గంటలు కేటాయింపుమని చెప్పుడు. రెండవది, చిన్న తునుకలను పనికిరానివని సెల్‌ఫోనున కప్పగించుట. పెద్ద వ్రాత పని చిన్న తునుకలో కుదరదు, నిజమే. కాని జ్ఞప్తికి తెచ్చుకొను పని కుదరును. 2006లో రోడిగర్, కార్పికీ అను అమెరికా పరిశోధకులు, పాఠమును మరల మరల చదివినవారిని, చదివి పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొన్నవారిని పోల్చి చూచిరి. అయిదు నిమిషముల పిమ్మట పరీక్షింపగా మరల చదివినవారే మేలు. వారము గడచిన పిమ్మట మాత్రము జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు వారిని మించిరి. చందాపురము బస్సులో నిలువబడి పోవు పిల్ల పుస్తకము తెరువలేదు గాని, నిన్నటి పాఠములోని ఎముకల పేర్లను మనస్సున వరుసగా చెప్పుకొనగలదు.

తెలుగింటి పిల్లకు ఇందులో ఇంకొక భారము, ఇంకొక మేలు కలవు. పాఠములన్నియు ఇంగ్లీషున నుండును. మొదటి సెమిస్టరున తోడి విద్యార్థిని ఒక గంటలో చదువు అధ్యాయమునకు ఈమెకు గంటన్నర పట్టినచో అది మందబుద్ధి కాదు. మాట తెలిసికొనుటకు పట్టిన కాలము. అది తరుగును గాని, తరుగువరకు ఇంటివారు ఓపిక పట్టవలెను. మేలు ఏమనగా, ఆనేకల్, హోసూరు సరిహద్దు ఆసుపత్రులలో మంచము మంచమునకు భాష మారును. కన్నడము, తెలుగు, తమిళము వినుచు పెరిగిన మన పిల్ల, నొప్పి ఎచ్చటనని అడిగి అర్థము చేసికొనుటకు దుబాసీని వెదకనక్కరలేదు. ఆ మిగిలిన నిమిషములు రోగివి. రాత్రి భోజనమువేళ తల్లి కూర్చుండి, ఈ దినము నేర్చినది ఒకటి నాకు తెలుగులో చెప్పుమని అడిగినచో పది నిమిషములలో రెండు పనులు జరుగును. అమ్మకు అర్థమగునట్లు ఇన్సులిన్ సంగతి చెప్పగలిగిన పిల్ల, రేపు రోగి భార్యకును చెప్పగలదు.

చివరిగా రాత్రి డ్యూటీ. మన యిండ్లలో అన్నింటికంటె ఎక్కువ పొరపాటు జరుగునది ఈ వారముననే. రాత్రియంతయు నిలిచిన పిల్ల ఉదయము తొమ్మిదికో పదికో ఇల్లు చేరును. పగటి నిద్ర సోమరితనమని పెద్దల నోట నానిన మాట. కాని మన దేహములోపల వెలుతురును బట్టి నడచు గడియారమొకటి కలదు. అది నడచు తీరును కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది. ఉదయపు ఎండ కంటబడినచో ఆ గడియారము మెలకువ వేళ యని చెప్పును. అందుచేత పగలు పడిన ఏడు గంటల నిద్ర సులభముగా తెగును, తెగినది మరల పట్టుట కష్టము. నిద్ర లేని పిల్ల మరునాటి రాత్రి మూడు గంటలకు మందు సీసామీది అక్షరములను చదువవలసి యుండును. చదువు విషయములు మనస్సున నాటుకొనుటయు నిద్రలోనే.

కావున ఆ వారము ఇంటిలో ఒక గది, గది లేనిచో ఒక మూల, దుప్పటి కట్టియైనను చీకటి చేయవలెను. టీవీ ధ్వని తగ్గింపవలెను. కుక్కరు వేయుట, పిండి రుబ్బుట ఆమె వచ్చులోపల ముగింపవలెను. ఫోను మరియొకరి చేత నుండవలెను. ఆమె పేర వచ్చిన పిలుపులకు సాయంకాలము నాలుగింటికి చేయుడని చెప్పవచ్చును. డ్యూటీలో నున్నప్పుడు అన్నము తింటివా యని అడుగుటకు ఫోను చేయు తల్లులు ఆ ప్రేమను ఒక నియత వేళకు మార్చుకొనవలెను. హాస్టలులోని పిల్లకు ఇది మరింత అవసరము. పెండ్లి, గృహప్రవేశము, ఊరి కరగ ఉత్సవము మొదలగువాని తేదీలు తెలిసినంతనే పిల్లకు చెప్పినచో, డ్యూటీ మార్పిడి కోరుటకు ఆమెకు వ్యవధి చిక్కును. ముందునాటి రాత్రి చెప్పినచో చిక్కదు. కళాశాలవారు ఇచ్చు డ్యూటీ పట్టిక ఆమె సంచిలోనే యుండరాదు. దానికి ఒక నకలు వ్రాసి వంటయింటి గోడమీద, పాలవాని లెక్కల కాలెండరు ప్రక్కన, అవ్వ కంటికి గూడ కనబడునంత పెద్ద అక్షరములతో తగిలింపవలెను. పట్టిక మారినప్పుడు పాతది తీసి క్రొత్తది పెట్టు పని ఇంటిలో వేరొకరిది కావలెను.